గండిపేట చెరువున రేవు రేవునకు

సముద్రతీరవాసులకు ఓడరేవులు గలవు. ఓడ రేవునుండి రేవునకు సాగుచుండ, ప్రయాణికులు ఒక్కొక్క పట్టణమున దిగి, దాని వృత్తాంతము నడిగి తెలిసికొని, మరల ఓడ నెక్కుట వాడుక. మన చేవెళ్ల, మొయినాబాదు సీమకు సముద్రము లేదు. కాని గండిపేట చెరువు గలదు. దానికి ఓడరేవులు లేవు. పసులు నీరు త్రాగు రేవు, చాకిరేవు, జాలరులు పుట్టిని ఒడ్డునకు లాగు రేవు మాత్రమే మన మెరిగినవి. అయినను చరిత్ర చెప్పుకొనుటకు ఈ రేవులే చాలును. ఈ ప్రసంగమున నేను మిమ్ము ఊహయనెడు పుట్టిలో కూర్చుండబెట్టి ఈ చెరువు గట్ల వెంట మెల్లగా త్రిప్పదలచితిని. తొందర లేదు. తెడ్డు నా చేత నున్నది. దారి మీకు నాకంటె బాగుగా తెలియును.

మొదటి రేవు తూర్పుననున్న ఆనకట్ట. మూసీనదికి అడ్డముగ కట్టిన ఈ కట్ట 1920లో పూర్తియైనది. నాటి ప్రభువైన మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేర దీనికి ఉస్మాన్ సాగరమని నామకరణము గావించిరి. జనులు మాత్రము కట్ట దగ్గరి గ్రామము పేరనే గండిపేట యని పిలుచుచున్నారు. నిండియున్నప్పుడు ఇందు సుమారు 390 కోట్ల ఘనపుటడుగుల నీరు నిలుచును. ఇచ్చటి నీరు యంత్రసాహాయ్యము లేకయే, పల్లము ననుసరించి, ఆసిఫ్‌నగరమందలి వడపోత తొట్లకు చేరునట్లు ఏర్పాటు చేసిరి. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదును విడువలేడను నానుడి మీరందరు వినినదే.

కాని ఈ కట్టను కట్టుటకు మొదటి కారణము దాహము కాదు, భయము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదు నగరమును ముంచెను. వంతెనలు కొట్టుకొనిపోయెను, వేలకొలది గృహములు నేలమట్టమాయెను, మృతులు సుమారు 15,000 మంది యని అంచనా వేసిరి. అఫ్జల్‌గంజి ఆసుపత్రి తోటలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని అచ్చటివారికి పూజ్యమే. మరుసటి సంవత్సరము ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఇట్టి ఆపద మరల రాకుండ నుపాయము చెప్పుమని కోరిరి. ఆయన నగరమును మాత్రము చూచి ఊరకుండలేదు. నీరు ఎచ్చటనుండి వచ్చెనో ఆ ఎగువసీమను పరిశీలించెను. వరదను నగరమున నాపుట కుదరదనియు, పైననే నిలిపి క్రమక్రమముగ విడువవలయుననియు ఆయన నిర్ణయము. ఆ నిర్ణయఫలమే ఈ కట్ట.

ఇక పుట్టిని దక్షిణపు గట్టువైపు త్రిప్పుదము. ఇచ్చట అజీజ్‌నగరము, హిమాయత్‌నగరము అను గ్రామములు గలవు. ఈ హిమాయత్‌నగరము మొయినాబాదు మండలములోనిది. నగరమధ్యమున నున్న పేట కాదు. ఈ గట్టునకు ఆవల, దక్షిణముననే, ఈసీనదిపై కట్టిన హిమాయత్ సాగరము గలదు. అది 1927లో పూర్తియైనది. ఉస్మాన్ అలీఖాన్ జ్యేష్ఠకుమారుని పేర వెలసినది. దానియందు సుమారు 297 కోట్ల ఘనపుటడుగుల నీరు పట్టును. మూసీ, ఈసీలు రెండును ఈ కట్టలు దాటిన పిమ్మట లంగర్‌హౌజు వద్ద సంగమించి నగరము ప్రవేశించును. కావున ఒక్క నదికి కట్ట కట్టి రెండవదానిని విడిచినచో కార్యము సగమే యగును. ఇంటికి రెండు వాకిళ్లున్నప్పుడు ఒకదానికి మాత్రము గడియ వేసినవాడు నిశ్చింతగా నిద్రింపగలడా?

మూడవ రేవు చిలుకూరు. చెరువు లేనినాడును ఈ వేంకటేశ్వరుని గుడి యున్నది. ఇచ్చట హుండీ లేదు. మ్రొక్కు తీరినవారు నూటయెనిమిది ప్రదక్షిణములు చేయుటయే కానుక. గుడి మెట్లమీద కూర్చుండి చూచినవానికి ఈ సీమ జీవనము తెలియును. మొయినాబాదు, చేవెళ్ల పొలముల కూరగాయలును, పూవులును దినదినము నగరమునకు పోవుచుండును. పట్టణమునకు నీరు పంపిన పల్లెలే దానికి కూరయు పూవును కూడ పంపుచున్నవి.

ఇక పడమటి కొస. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ ఇచ్చట చెరువున ప్రవేశించును. నీరు పలుచనై, రెల్లు దట్టమై, పుట్టి యిక సాగదు. ఇచ్చట దిగి, మర్రిచెట్ల నీడన మొయినాబాదునుండి చేవెళ్లకు పోవు బాట పట్టుదము. ఎందుకనగా ఈ చెరువు చరిత్రలో ముఖ్యభాగము నీటిమీద లేదు. ఈ పల్లెలలో నున్నది.

విశ్వేశ్వరయ్యగారు లెక్కించి చెప్పిన ఒక్క విషయమును మీరు శ్రద్ధగా వినవలయును. హైదరాబాదునకు ఎగువ మూసీ, ఈసీల పరీవాహకమున 788 చెరువులుండెను. అనగా ఇంచుమించు చదరపు మైలునకు ఒక్క చెరువు. 1908 వర్షమునకు వీనిలో 221 తెగినవి. ఈసీవైపున 182, మూసీవైపున 39. శంషాబాదున ఒక్క దినమున 12.8 అంగుళముల వాన కురిసెను. గొలుసుకట్టు చెరువుల తీరు మీకు తెలిసినదే. పై చెరువు మత్తడి పొర్లిన నీరు క్రింది చెరువున చేరును. పై కట్ట తెగినచో ఆ నీరంతయు ఒక్కమారు క్రిందిదానిపై బడి దానిని తెంచును. రెండింటి నీరును మూడవదానిపై బడును. ఆనాడు నగరమును ముంచినది ఆకాశము మాత్రమే కాదు; వరుసగా తెగిన పల్లెచెరువులును.

ఈ లెక్కనుండి నేను గ్రహించిన దొక్కటే. చిన్న చెరువులు నిలిచియున్నచో పెద్ద చెరువు నిలుచును. పెద్ద చెరువు నిలిచినచో నగరము నిలుచును. గండిపేట కట్ట రాతిది. అయినను దానికి వచ్చు నీటి మంచిచెడ్డలను నిర్ణయించునది మీ యూరి మట్టికట్ట, మీ యూరి మత్తడి, మీ యూరి నీరటికాని మెలకువ.

దీనిని గుర్తించియే 1996 మార్చిలో ప్రభుత్వమువారు 111వ నంబరు ఉత్తర్వు వెలువరించిరి. రెండు సాగరముల చుట్టును పది కిలోమీటర్లలోపల, మొయినాబాదు, చేవెళ్ల, శంకరపల్లి, షాబాదు, శంషాబాదు, రాజేంద్రనగరము మొదలగు మండలములలోని 84 గ్రామములందు నీటిని చెరచు కర్మాగారములను, పెద్ద కట్టడములను అది నిషేధించెను. ఆ పరిధిలో నూనె కర్మాగారము పెట్టదలచిన వ్యాజ్యమున 2000 సంవత్సరమున సుప్రీముకోర్టువారు త్రాగునీటి పక్షమునే నిలిచిరి. అయితే పల్లెవారి బాధయు అబద్ధము కాదు. పొరుగు గ్రామముల భూములు పెద్ద వెలలకు పోవుచుండ, తమ భూమికి మాత్రము ధర రాదాయెనని వారు వాపోయిరి. నగరమునకు మంజీర, కృష్ణ, గోదావరి జలములు వచ్చిన తరువాత ఈ కట్టుబాట్లేలయని అడిగిరి. 2022 ఏప్రిలులో 69వ నంబరు ఉత్తర్వుతో ప్రభుత్వమువారు ఆ నిషేధములను సడలించిరి.

నగరముకొరకు పల్లె ఊరకనే నష్టపడవలయునని నేననను. త్రాగినవారు ఋణము తీర్చుట ధర్మము. కాని దాహము తీర్చుటకు వేరు నదులున్నను, వరదను నిలుపుటకు వేరు కట్ట లేదు. 2020 అక్టోబరు వానలకు నగరపరిసరములందలి చెరువులు కొన్ని తెగి ప్రాణనష్టము గలిగినది. వాగు తన దారి మరచిపోదు, మరచునది మనుష్యుడే.

పెద్దలారా, పటములందు చెరిగిపోయిన ఒర్రెలు మీ జ్ఞాపకమున నున్నవి. ఏ పొలము శిఖము భూమియో, ఏ కాలువ ఏ చెరువున బడునో, ఏ సంవత్సరమున మత్తడి యెంత యెత్తున పొర్లెనో మీరు చెప్పగలరు. భూమి కొలిచి రాళ్లు పాతుటకు వచ్చినవారిని ఇచ్చట నీరు నడచునని హెచ్చరింపుడు. మనుమలను వెంటబెట్టుకొనిపోయి తూము, మత్తడి, వాగు చూపుడు. వాని పేర్లు చెప్పుడు. పేర్లతో కూడ గ్రామపంచాయతీ పుస్తకమున వ్రాయింపుడు. 1908లో తెగిన 221 చెరువుల క్రిందను ఊళ్లుండెను, ఊళ్లలో పెద్దలుండిరి. వారి పేర్లు మనకు దక్కలేదు. మీ చెరువుల పేర్లయినను మీ మనుమలకు దక్కనిండు.