కొలతే ఆనవాలైంది

గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో తెల్లవారకముందే కాటాలు కదులుతాయి. చామంతి బస్తా ఎక్కుతుంది, బరువు తేలుతుంది, దిగిపోతుంది. ఆ బస్తా ఎవరిదో కాటాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఈ మధ్య మా కింది వాటాలో ఉండే డిగ్రీ అబ్బాయి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కొచ్చాడు. దాని సత్తా ఎంతో బ్రౌజర్‌లోనే తేల్చే సైటు ఒకటి తెరిచి, "షాపాయన అబద్ధం చెప్పలే అంకుల్, ఎనిమిది కోర్లే చూపెడుతుంది" అన్నాడు సంబరంగా. తూకం సరిపోయింది. కానీ ఈ కాటా తాను తూచిన బస్తాను మళ్లీ గుర్తుపట్టగలదు. ఆ విద్య దానికి ఎలా అబ్బిందో చూద్దాం.

బెంచ్‌మార్క్ అన్న మాట భూమి కొలిచేవాళ్లది. ఎత్తులు కొలవడానికి సర్వేయర్లు రాతి మీద చెక్కుకున్న గీతకు ఆ పేరు. కంప్యూటర్ల వేగం కొలిచిన తొలి కాటాల్లో ఒకటి వెట్‌స్టోన్. అది 1972లో బ్రిటన్‌లో తయారైంది. 1984లో రైన్‌హోల్డ్ వైకర్ డ్రైస్టోన్ అనే మరో పరీక్ష రాశాడు. అప్పట్లో పరీక్ష ప్రోగ్రాం యంత్రంలోకి వెళ్లేది, జవాబుగా ఒక అంకె బయటికొచ్చేది. ఆ అంకె యంత్రం ఎవరిదో వాళ్ల గదిలోనే ఉండిపోయేది.

1995లో జావాస్క్రిప్ట్ పుట్టాక సైటు తన ప్రోగ్రామును మన బ్రౌజర్‌లో నడపగలిగింది. 2007లో వచ్చిన సన్‌స్పైడర్ పరీక్ష బ్రౌజర్ల వేగానికి పోటీ పెట్టింది. 2011లో వెబ్‌జీఎల్ రావడంతో గ్రాఫిక్స్ కార్డు కూడా సైటుకు అందుబాటులోకి వచ్చింది. కోర్లు ఎన్ని, కార్డు పేరేమిటి, తెర ఎంత, ఫాంట్లు ఏవి, ఈ లెక్క చేయడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది అని అడిగితే బ్రౌజర్ జవాబిస్తుంది. ఇన్‌స్టాల్ చేసే పని లేకుండా ఒక్క నొక్కుతో ఫలితం వచ్చే సుఖం అలా అమరింది. గదిలో ఉండాల్సిన అంకె దూరాన ఉన్న సర్వర్‌కు చేరడమూ అప్పుడే మొదలైంది.

అంకెలు మనిషిని ఎలా పట్టిస్తాయి? కిక్కిరిసిన పూల మార్కెట్లో ఒకరిని వెతకడానికి పేరు అక్కర్లేదు. నీలం చీర అంటే కొంతమంది మిగులుతారు. కనకాంబరాల బుట్ట అంటే ఇంకా తగ్గుతారు. ఎడమ చేతికి వెండి కడియం అనగానే ఒక్కరే నిలబడతారు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో తెరిచినప్పుడు అజీజుల్ హక్, హేమ్‌చంద్ర బోస్ చేసిన పనీ ఇలాంటిదే. పది వేళ్ల గీతల తీరును బట్టి కార్డులను 1,024 గళ్లలో సర్దే పద్ధతి వాళ్లు రూపొందించారు.

బ్రౌజర్‌కూ అలాంటి వేలిముద్ర ఉంటుందని 2010లో పీటర్ ఎకర్స్‌లీ రుజువు చేశాడు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ తరఫున 4,70,161 బ్రౌజర్ల వివరాలు పరిశీలిస్తే, 83.6 శాతం ఆ గుంపులో దేనితోనూ కలవలేదు. 1994లో పుట్టిన కుకీని తుడిచేసే వీలుంది. ఈ ముద్రను తుడవలేం, ఎందుకంటే అది మన యంత్రపు స్వభావమే. ప్రైవేట్ విండో తెరిచినా కార్డు మారదు, తెర మారదు.

2012లో కీటన్ మౌరీ, హోవవ్ షాకమ్ బ్రౌజర్‌తో కనిపించని బొమ్మ ఒకటి గీయించి, ఆ గీతల తేడాలతోనే యంత్రాలను వేరు చేయవచ్చని చూపారు. 2022లో వచ్చిన డ్రాన్‌అపార్ట్ పరిశోధన మరో అడుగు వేసింది. ఒకే కంపెనీ, ఒకే మోడల్ గ్రాఫిక్స్ చిప్‌లైనా, లోపలి భాగాల వేగంలో ఉండే సన్నని తేడాలను బట్టి విడదీయవచ్చని తేల్చింది. కవల పిల్లలను నడకను బట్టి పోల్చుకున్నట్టు! వేగం కొలిచే పరీక్షే ఇక్కడ వేలిముద్ర తీసే పరికరమైంది.

బ్రౌజర్ల తయారీదారులు ఊరుకోలేదు. 2017లో ఫైర్‌ఫాక్స్, బ్యాటరీ వివరం సైట్లకు చెప్పడం మానేసింది. అదే ఏడాది క్రోమ్ ర్యామ్ వివరం చెప్పడం మొదలుపెట్టినా, 8 జీబీ దాటితే 8 అనే చెప్పేలా కట్టడి చేసింది. 2018 జనవరిలో ప్రాసెసర్లలోని స్పెక్టర్ అనే భద్రతా లోపం బయటపడగానే బ్రౌజర్లు తమ గడియారాలను కావాలనే మొద్దుబార్చాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. నిఘాకు ఏ అంకె కావాలో నిజాయితీగా తూచే సైటుకూ అదే అంకె కావాలి. కాబట్టి తూచిన తర్వాత ఆ అంకెను ఏం చేస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు చట్టంలో వేసిన తొలి పునాదుల్లో తెలుగువాడి చేయి ఉంది. మూసీ ఒడ్డున ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా కూర్చున్న కోకా సుబ్బారావు, సుప్రీంకోర్టుకు వెళ్లాక పోలీసు నిఘాపై వచ్చిన 1962 నాటి ఖరక్ సింగ్ కేసులో మెజారిటీతో విభేదించారు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమన్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా ఆ దారికే వచ్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, మనిషిని గుర్తించడానికి వీలిచ్చే సమాచారం వ్యక్తిగత సమాచారమే, అందులో పేరు లేకపోయినా సరే. సమ్మతి అడిగే నోటీసును ఎనిమిదో షెడ్యూలు భాషల్లో, అంటే తెలుగులో కూడా, చదువుకునే వీలు కల్పించాలని ఆ చట్టం చెబుతోంది.

ఆ అబ్బాయికి నేను చెప్పింది ఇదే. పరీక్ష మొదలుపెట్టే ముందు గోప్యత పేజీ తెరువు. ఫలితం నీ బ్రౌజర్‌లోనే ఉంటుందా, సర్వర్‌కు పోతుందా? ఎన్నాళ్లు ఉంచుతారు? ప్రకటనల వాళ్లకు ఇస్తారా? తీసేయమంటే తీసేస్తారా? నువ్వు నొక్కితే తప్ప ఏదీ బయటికి పంపని సైటును ఎంచుకో. కొలిచిన అంకె కొలిపించుకున్నవాడి సొత్తు. పొద్దున్నే కాటా దిగిన చామంతి బస్తాకు ఉన్నపాటి మర్యాద మన యంత్రానికీ దక్కాలి.