ఫోన్ ట్యాపింగ్ చట్టబద్ధమేనా? పంజాగుట్ట కేసుతో తెలుసుకోవాల్సిన రూల్స్ ఇవే

మన ఫోన్ మాటలు సర్కారు వినొచ్చా? వినొచ్చు. కానీ ఎవరి అనుమతితో, ఏ కారణంతో, ఎన్ని రోజులు అనేదానికి రూల్స్ ఉన్నాయి. అవి దాటితే వినడమే నేరం. హైదరాబాద్ పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసులో తేలాల్సింది ఇదే.

కేసు ఏంటి?

మావోయిస్టులపై నిఘా పెట్టే ఎస్ఐబీ ఆఫీసులో హార్డ్ డిస్కులు ధ్వంసమయ్యాయంటూ 2024 మార్చి 10న కేసు నమోదైంది. అసెంబ్లీ ఫలితాలు వచ్చిన మర్నాడే, అంటే 2023 డిసెంబర్ 4న ఇది జరిగిందని ఆరోపణ. కేసు నమోదైన నెలలోనే డీఎస్పీ ప్రణీత్ రావు అరెస్టయ్యారు. ప్రతిపక్ష నేతల ఫోన్లు కూడా విన్నారన్నది పోలీసుల అభియోగం.

చట్టం ఏం చెబుతోంది?

అప్పట్లో వర్తించింది 1885 నాటి టెలిగ్రాఫ్ యాక్ట్. అందులోని సెక్షన్ 5(2) ప్రకారం పబ్లిక్ ఎమర్జెన్సీ గానీ, ప్రజా భద్రతకు ముప్పు గానీ ఉంటేనే ట్యాపింగ్ చేయాలి. దీనికి 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు గట్టి షరతులు పెట్టింది.

- అనుమతి హోం సెక్రటరీదే.
- ఆర్డర్ గడువు 2 నెలలు. పొడిగించినా 6 నెలలు దాటొద్దు.
- ప్రతి ఆర్డర్‌నూ రివ్యూ కమిటీ చూడాలి.

ప్రైవసీ ప్రాథమిక హక్కేనని 2017లో పుట్టస్వామి కేసులో 9 మంది జడ్జిల బెంచ్ తేల్చేసింది.

ఇప్పుడేం మారింది?

టెలికమ్యూనికేషన్స్ యాక్ట్ 2023లో ఈ అధికారం సెక్షన్ 20(2)కి మారింది. కొత్త రూల్స్ 2024 డిసెంబర్‌లో వచ్చాయి. అక్రమంగా వింటే 3 ఏళ్ల వరకు జైలు, 2 కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

అసలు చిక్కు ఎక్కడ?

అనుమతిచ్చేది అధికారులే, రాష్ట్రంలో రివ్యూ చేసేదీ చీఫ్ సెక్రటరీ నేతృత్వంలోని అధికారులే. జడ్జి పాత్ర లేదు. ఫోన్ విన్నట్టు ఆ మనిషికి చెప్పాలన్న రూలూ లేదు. పైగా అవసరం లేని రికార్డులను 6 నెలలకోసారి చెరిపేయాలని రూల్సే చెబుతున్నాయి. తెలియని తప్పుపై కోర్టుకు వెళ్లేదెలా? అందుకే ఆ హార్డ్ డిస్కుల్లో ఏముందన్నది ఈ కేసులో ఇంత కీలకమైంది.