తలంపులకు కావలి: పాలమూరు సంఘ చరిత్ర నేర్పు పాఠము

ఉపోద్ఘాతము

తలంపులను కాపాడుకొనుటను గూర్చి మన సంఘములలో తరచుగా బోధింతుము. మోహపు చూపు, కోపము, అసూయ, ధనాపేక్ష అనువాటి విషయమై యౌవనులను హెచ్చరింతుము. ఆ హెచ్చరిక అవసరమే. అయితే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల సంఘ చరిత్రను పరిశీలించినప్పుడు, విశ్వాసి తలంపులలో మరింత లోతైన పోరాటము భయము విషయములో జరిగినదని మాకు తోచుచున్నది. బిడ్డ ఒళ్లు కాలిపోవుచున్న రాత్రి తల్లి మనస్సు మొదట ఎవరి వైపు తిరుగును? ఈ ప్రశ్నను సంఘము ఎట్లు ఎదుర్కొనెనో, ఎక్కడ తడబడెనో ఈ వ్యాసములో చూతము.

చారిత్రక నేపథ్యము

నేడు ఈ మూడు పట్టణములు జిల్లా కేంద్రములు. 2016 అక్టోబరు వరకు ఇవి మహబూబ్‌నగర్ జిల్లాలో, అనగా పాలమూరులో ఉండెను. నిజాము కాలములో గద్వాల, వనపర్తి సంస్థానములుగా ఉండెను. 19వ శతాబ్దపు చివర అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు పాలమూరులో సేవ ప్రారంభించిరి. అమెరికా మెనొనైట్ బ్రదరెన్ వారి మొదటి మిషనరీలు 1899లో హైదరాబాదునకు వచ్చిరి. తరువాతి దశాబ్దములో నాగర్‌కర్నూలులో మిషను కేంద్రము ఏర్పడెను. 1937లో మహబూబ్‌నగరు, గద్వాల కేంద్రములు బాప్టిస్టుల నుండి మెనొనైట్ బ్రదరెన్ వారికి వచ్చెను. 1907లో వచ్చిన వైద్యురాలు కాథరినా షెల్లెన్‌బర్గ్ 1945లో మరణించువరకు ఈ దేశములోనే రోగులకు సేవచేసెను.

సువార్తను అంగీకరించినవారిలో అధికులు మాల, మాదిగ కుటుంబములవారు. గ్రామదేవత కొలుపులలో డప్పు కొట్టుట, బలికి సంబంధించిన పనులు చేయుట వారికి తరతరములుగా అప్పగించబడిన బాధ్యతలు. కాబట్టి వారి బాప్తిస్మము ఇంటితో ముగిసిన సంగతి కాదు. ఊరికి కీడు వచ్చినప్పుడు, “మీరు మానివేసినందుకే అమ్మవారు ఆగ్రహించినది” అను నింద వారిపై పడుటకు అవకాశముండెను. ఆ నింద చెవిని దాటి మనస్సులో చేరినప్పుడు, “నిజమేనేమో” అను తలంపు పుట్టుట సహజము.

చేతులు మానినవి, మనస్సు మానలేదు

తాయెత్తులు కట్టరాదు, జాతరకు చందా ఇయ్యరాదు, మంత్రగాని యొద్దకు పోరాదు అని సంఘములు కట్టడ చేసెను. ఈ కట్టడలు విశ్వాసులను ప్రత్యేకపరచినవి. అయితే వాటి వెనుకనున్న భయమునకు జవాబు దొరికెనా?

ఈ ప్రశ్నను స్పష్టముగా అడిగినవారు పాల్ హీబర్ట్. ఆయన 1932లో మన దేశములోనే మిషనరీ దంపతులకు జన్మించి, తరువాత తానును మిషనరీగా పాలమూరులో సేవచేసి, ఈ జిల్లాలోని ఒక గ్రామముపై 1971లో ‘కొండూరు’ అను గ్రంథము ప్రచురించిరి. 1982లో వెలువడిన ప్రసిద్ధ వ్యాసములో ఆయన తన లోపమునే ఒప్పుకొనిరి. ఆయన వాదమును క్లుప్తముగా చెప్పుదుము. మిషనరీ ప్రసంగము పరలోకమును గూర్చి మాటలాడెను. మిషను ఆసుపత్రి రోగమునకు మందు ఇచ్చెను. ఈ రెంటికి నడుమ గ్రామస్థుని అసలు ప్రశ్నలు నిలిచియుండెను: దిష్టి తగిలినదా? బాణామతి చేసిరా? ఈ రోగము నా బిడ్డకే ఎందుకు వచ్చినది? ఈ నడిమి అంతస్తు మిషనరీ లోకదృష్టిలోనే లేదు. జవాబు దొరకనందున అనేక క్రైస్తవులు మరల మంత్రగాని యొద్దకు పోయిరి.

ఇక్కడ కాపరులు గమనించవలసినది ఒకటున్నది. గద్దించినంత మాత్రమున తలంపు చావదు, అది దాగుకొనును. కాపరికి చెప్పుకొనలేని భయము చీకటి పడిన తరువాత తన దారి తాను వెదకుకొనును.

మశూచి సోకిన గ్రామము

హీబర్ట్ తన రచనలలో పాలమూరు ప్రాంతపు ఒక గ్రామ సంఘమును గూర్చి చెప్పిరి. ఊరికి మశూచి సోకెను. అమ్మవారిని శాంతింపజేయుటకు దున్నపోతు బలి ఇయ్యవలెనని పెద్దలు నిశ్చయించి ఇంటింట చందా అడిగిరి. ఎంత ఒత్తిడి వచ్చినను క్రైస్తవులు ఇయ్యలేదు. అంతలో వారిలోనే ఒక చిన్నదానికి మశూచి సోకెను. సంఘపెద్ద వచ్చి ప్రార్థింపుమని కోరగా హీబర్ట్ ప్రార్థించిరి. కొన్ని దినములకు ఆ పిల్ల మరణించెను. తాను ఓడిపోయితినని హీబర్ట్ క్రుంగిపోయిరి. అయితే కొన్ని వారముల తరువాత ఆ పెద్ద సంతోషముగా తిరిగివచ్చెను. పిల్ల బ్రదికియుండినయెడల ఊరివారు దేవుని శక్తిని ఒప్పుకొనియుందురు గాని, ఆమె ఏనాటికైనను చావవలసినదేనని వారెరుగుదురు. సమాధి కార్యక్రమములో సంఘము చూపిన పునరుత్థాన నిరీక్షణను చూచి, మరణముపైనే జయమున్నదని గ్రహించి, వారు ఈ మార్గమును గూర్చి అడుగుచున్నారని అతడు చెప్పెను.

ఆ సంఘపు తలంపులను భయము నుండి కాచినది స్వస్థత కాదు, పునరుత్థానము. కావలి కాసినదియు ఒంటరి విశ్వాసి కాదు, సమాధి యొద్ద కలిసి నిలిచిన సంఘము.

వాక్యపు వెలుగులో

ఫిలిప్పీ 4వ అధ్యాయపు వరుస గమనింపదగినది. మనము సాధారణముగా 8వ వచనముతో, అనగా ధ్యానింపదగిన మంచివాటి జాబితాతో, బోధ ప్రారంభింతుము. పౌలు 6వ వచనములో చింతతోను ప్రార్థనతోను ప్రారంభించెను. 7వ వచనములో దేవుని సమాధానము హృదయములకును తలంపులకును కావలియుండునని చెప్పెను. అక్కడి గ్రీకు క్రియ పట్టణమును కాచు సైనిక దళమునకు వాడబడునది. గద్వాల కోటను చూచినవారికి ఇది సులభముగా తెలియును. గోడ ఎంత ఎత్తైనను లోపల కావలివారు లేనియెడల కోట నిలువదు. కట్టడలు గోడవంటివి. దేవుని సమాధానము లోపలి కావలి. 2 కొరింథీ 10:5లో తలంపులను క్రీస్తునకు లోబరచుమను మాటయు “నాకు” అని గాక, “మేము” అను బహువచనములో వ్రాయబడెను.

నేటి సంఘమునకు

మన దేశములో మశూచి 1975లో ఆగెను. 1980లో ప్రపంచమంతట నిర్మూలమైనదని ప్రకటింపబడెను. రోగము పోయినను భయము పోలేదు. అప్పు, బోరు ఎండిపోవుట, దూరదేశమునకు వలసపోయిన కుమారుని క్షేమము అను క్రొత్త పేర్లతో అది తిరుగుచున్నది. హీబర్ట్ మరియొక హెచ్చరికయు చేసిరి. నడిమి ప్రశ్నలకు జవాబిచ్చుచు క్రైస్తవ్యమునే మంత్రతంత్రముగా మార్చరాదు. ప్రార్థించిన నూనెను, తలక్రింద పెట్టిన బైబిలును తాయెత్తువలె వాడినయెడల, పాత భయమునకు క్రొత్త వస్త్రము తొడిగినవారమగుదుము.

కావున సహకాపరులారా, రోగి ఇంటికి వెళ్లినప్పుడు ప్రార్థించి వెంటనే లేచిరావద్దు. “ఈ రోగము ఎందుకు వచ్చినదని మీరు అనుకొనుచున్నారు?” అని అడిగి, జవాబు చివరివరకు వినుడి. నవ్వవద్దు, గద్దింపవద్దు. ఆ భయమును వారితో కలిసి క్రీస్తు నొద్దకు తెండి. మరణము సంభవించిన ఇంటిలో సంఘమంతయు నిలుచునట్లు చూడుడి. వెలుగులోనికి తేబడిన తలంపునకే కావలి కాయగలము.