టాస్కోసా: పశుక్షేత్రాల పట్టణంలో కాపరులు, జీతగాళ్లు (1876–1887)

పశ్చిమ అమెరికా పశుపోషణ చరిత్ర ప్రస్తావనకు రాగానే స్ఫురించేది గుర్రంపై తిరిగే స్వేచ్ఛాజీవి కౌబాయ్. ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) తెలుగు ప్రేక్షకులకు పరిచయం చేసిన రూపమూ అదే. అతడు నెలజీతంపై ఆధారపడిన శ్రామికుడన్న వాస్తవం ఆ రూపం వెనుక మరుగునపడింది. టెక్సస్ ఉత్తర కొసన, పాన్‌హాండిల్ ప్రాంతంలో, కెనేడియన్ నది ఒడ్డున వెలసిన టాస్కోసా చరిత్ర ఈ వాస్తవాన్ని పరిశీలించడానికి తగిన ఆధారం.

ఈ పట్టణానికి పునాది వేసినవారు కౌబాయ్‌లు కారు, గొర్రెల కాపరులు. 1876లో కాసిమీరో రొమేరో తన పరివారంతో, మందలతో న్యూమెక్సికో నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. 1874–75 యుద్ధంలో ఓడిన కొమాంచీ, కయొవా జాతులను సైన్యం రిజర్వేషన్లకు తరలించిన తరువాతనే ఈ వలస సాధ్యమైంది. కనుక దీనిని నిర్జన ప్రదేశంలో ఏర్పడిన ఆవాసంగా భావించరాదు. కాపరులు మట్టి ఇటుకలతో ఇళ్లు కట్టుకున్నారు, కాలువలు తవ్వి పైర్లు వేసుకున్నారు. అయితే పశువుల యజమానులు భూములు కొనడం మొదలుపెట్టాక వారిలో అధికులు న్యూమెక్సికోకు తిరిగిపోక తప్పలేదు.

కాపరుల తరువాత ఇదే ఒత్తిడి కౌబాయ్‌లపై పడింది. తొలినాళ్లలో జీతంలో కొంత భాగాన్ని దూడల రూపంలో పుచ్చుకోవడం, యజమాని తెలియని పశువుకు తమ ముద్ర వేసుకోవడం, క్షేత్రంలోనే చిన్న మందను మేపుకోవడం వారికి వాడుకగా ఉండేది. అంటే నేటి జీతగాడికి రేపు యజమాని కాగల అవకాశం ఉండేది. 1881లో ఎల్.ఐ.టి. క్షేత్రం స్కాట్లండ్ పెట్టుబడితో నడిచే ప్రెయిరీ క్యాటిల్ కంపెనీ వశమైంది. ఇటువంటి సంస్థలు ఆ వాడుకలను రద్దుచేసి, ముద్రలేని పశువులన్నీ తమవేనన్నాయి. కౌబాయ్‌లకు మిగిలింది నెలకు సుమారు 40 డాలర్ల జీతం, అదీ ఏడాది పొడుగునా దొరికే పని కాదు.

1883 వసంతంలో ఎల్.ఐ.టి., ఎల్.ఎస్., ఎల్.ఎక్స్. క్షేత్రాల సిబ్బంది 24 మంది ఒక డిమాండు పత్రంపై సంతకాలు చేశారు. టామ్ హారిస్ వారి నాయకుడు. కౌబాయ్‌కు కనీసం 50 డాలర్లు, మంచి వంటవాడికీ అంతే, బృందాన్ని నడిపేవాడికి 75 డాలర్లు ఇవ్వాలని కోరి, మార్చి 31ని గడువుగా ప్రకటించారు. వంటవాడిని కౌబాయ్‌తో సమంగా నిలిపిన ఈ నిబంధన గమనార్హం. సినిమా మరచిన మనిషిని సమ్మెదారులు మరువలేదు. సమ్మెలో పాల్గొన్నవారి సంఖ్యను 30 నుంచి 325 వరకు భిన్నంగా చెబుతారు. చేరేవారు, విడిపోయేవారు ఉండడంతో అది నిలకడగా లేదు. సంతకాల లెక్కే కొంత నమ్మదగినది.

వసంతకాలపు పశువుల సేకరణకు ముందు పని ఆపితే యజమానులు దిగివస్తారన్నది సమ్మెదారుల అంచనా. ఆ ఋతువులోనే పని వెతుక్కుంటూ వచ్చేవారు కూడా ఎక్కువ. కొందరు యజమానులు సమ్మెదారులను వెంటనే తొలగించారు, మరికొందరు స్వల్ప పెంపు చూపి, కాదన్నవారిని పంపివేశారు. మే నెల సేకరణకు మనుషుల కొరత రాలేదు. రెండున్నర నెలల్లో సమ్మె చల్లారింది.

ఆపై పశువుల దొంగతనాలు పెరిగాయి. యజమానులు 1884లో పాట్ గారెట్‌ను సాయుధ దళనాయకుడిగా నియమించారు. కంపెనీల దృష్టిలో దొంగతనమైన ముద్ర వేసే పని కొన్నేళ్ల కిందటి వరకు ఆ ప్రాంతపు ఆచారమే. 1887లో రైలుమార్గం పట్టణాన్ని తాకకుండా నది ఆవలి ఒడ్డున సాగిపోయింది. 1915లో కౌంటీ కార్యస్థానం వేగా పట్టణానికి మారింది.