సున్నాగా భావించిన దోషం: జీపీఎస్ యాంటెన్నా సవరణల చరిత్ర

ట్రైపాడ్ మీద యాంటెన్నాను కదలకుండా నిలిపి, గంటల తరబడి ఉపగ్రహ సంకేతాలను నమోదు చేసి, ఆ తరువాత కార్యాలయంలో కంప్యూటర్ మీద స్థానాన్ని లెక్కకట్టే పద్ధతిని స్టాటిక్ సర్వే అంటారు. 1980ల ఆరంభంలో మాక్రోమీటర్ వంటి తొలి వాణిజ్య రిసీవర్లతో ఈ పద్ధతి జియోడెసీలో, అంటే భూమి ఆకారాన్నీ పరిమాణాన్నీ కొలిచే శాస్త్రంలో, అడుగుపెట్టినప్పటి నుంచీ ఒక చిక్కు దాని వెంటే ఉంది. సర్వేయరు టేపుతో కొలిచేది నేల మీది గుర్తు నుంచి యాంటెన్నా అడుగుభాగం వరకు ఉన్న ఎత్తును. రిసీవరు కొలిచేది మాత్రం ఉపగ్రహం నుంచి, యాంటెన్నా లోపలో పైనో ఉన్నట్లు తోచే ఒక అదృశ్య బిందువు వరకు గల దూరాన్ని. ఆ బిందువును ఫేజ్ సెంటర్ అనీ, అడుగున ఉన్న రిఫరెన్స్ పాయింట్ నుంచి దాని సగటు స్థానం ఎంత ఎడంగా ఉందో తెలిపే కొలతను ఫేజ్ సెంటర్ ఆఫ్‌సెట్ అనీ అంటారు. సగటు అనక తప్పదు, ఎందుకంటే సంకేతం నడినెత్తి నుంచి వచ్చినప్పుడు ఒకచోట, దిగంతం దగ్గర నుంచి వచ్చినప్పుడు మరోచోట ఆ బిందువు ఉన్నట్లు కనిపిస్తుంది. ఈ తేడాలే ఫేజ్ సెంటర్ వేరియేషన్లు.

తొలినాళ్లలో ఈ చిక్కు పెద్దగా బయటపడలేదు. బేస్‌లైన్, అంటే కొలిచే రెండు బిందువులను కలిపే రేఖ, రెండు కొసల్లోనూ ఒకే మోడల్ యాంటెన్నాలను ఉంచి, వాటి మీది గుర్తును ఉత్తర దిశకు తిప్పితే, దూరం తక్కువగా ఉన్నంతవరకు రెండింటి దోషమూ ఒకటే కావడంతో తీసివేతలో పోయేది. వేర్వేరు కంపెనీల యాంటెన్నాలను ఒకే పనిలో కలిపి వాడడం పెరిగిన కొద్దీ ఎత్తులు తేడా చూపసాగాయి. సవరణ లేకుండా కలిపితే ఆ తేడా 10 సెంటీమీటర్ల వరకు పోగలదని అమెరికా నేషనల్ జియోడెటిక్ సర్వే హెచ్చరించింది. ఆ సంస్థలో జెరాల్డ్ మేడర్ మోడల్ వారీగా యాంటెన్నాలను పరీక్షించి సవరణ పట్టికలు తయారుచేశారు.

ఆ పట్టికలన్నిటికీ కొలబద్ద డార్న్ మార్గోలిన్ టి అనే చోక్ రింగ్ యాంటెన్నా. నేల నుంచి పరావర్తనమై వచ్చే సంకేతాలను అణచడానికి చుట్టూ లోహపు వలయాలు అమర్చిన ఈ నమూనాను అమెరికా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ రూపొందించింది. 1996 జూన్ 30 నుంచి అంతర్జాతీయ జీఎన్ఎస్ఎస్ సర్వీస్, అంటే ఐజీఎస్, అమలుచేసిన తొలి ఉమ్మడి పట్టికలో ఈ యాంటెన్నా ఆఫ్‌సెట్ ఎత్తు ఉపగ్రహ సంకేతాల ఎల్1 పౌనఃపున్యానికి 110, ఎల్2 పౌనఃపున్యానికి 128 మిల్లీమీటర్లు. అయనోవరణ ప్రభావాన్ని తొలగించడానికి లెక్కలో ఎల్1ను 2.546తో, ఎల్2ను 1.546తో గుణించి మొదటిదాని నుంచి రెండోదాన్ని తీసివేస్తారు గనుక, ఫలితంలో కేంద్రం దాదాపు 82 మిల్లీమీటర్ల వద్ద, అంటే రెండింటికీ దిగువన తేలుతుంది. ఆఫ్‌సెట్‌లోని చిన్న పొరపాటు కూడా ఇదే గుణకారంతో పెరుగుతుందన్నది అందులోని అసలు ప్రమాదం.

అయితే కొలబద్దగా ఎంచుకున్న యాంటెన్నా వేరియేషన్లను సున్నాగా భావించారు. అది సత్యం కాదని తెలిసే చేసిన సౌకర్యం. భూమి వంపు వల్ల వేల కిలోమీటర్ల దూరంలోని రెండు స్టేషన్లకు ఒకే ఉపగ్రహం వేర్వేరు ఎత్తుకోణాల్లో కనిపిస్తుంది గనుక అక్కడ దోషాలు రద్దుకావు. జర్మనీలోని హానోవర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జియో ప్లస్ ప్లస్ సంస్థతో కలిసి ఈ సున్నాను ప్రశ్నించారు. పరిసరాల పరావర్తనాలు నక్షత్ర దినానికోసారి పునరావృతమవుతాయన్న సూత్రంతో మొదలుపెట్టి, తరువాత యాంటెన్నాను వేలాది భంగిమల్లో వంచి, తిప్పే రోబోను నిర్మించి, ఏ ఇతర యాంటెన్నా మీదా ఆధారపడని నిరపేక్ష విలువలను వారు రాబట్టారు.

వాటిని భూమి మీది యాంటెన్నాలకు మాత్రమే వర్తింపజేసినప్పుడు ప్రపంచవ్యాప్త స్టేషన్ల జాలం పరిమాణం వంద కోట్లలో 15 వంతుల మేర మారింది. భూ వ్యాసార్ధానికి అన్వయిస్తే అది తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. ఉపగ్రహాల యాంటెన్నాల వేరియేషన్లనూ అంతవరకు సున్నాగానే తీసుకోవడంతో, రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకున్నాయి. మార్కస్ రోథాకర్, రాల్ఫ్ ష్మిడ్ మ్యూనిక్‌లో ఉపగ్రహాల వైపు విలువలను అంచనా వేసిన తరువాతే, 2006 నవంబరు 5న ఐజీఎస్ నిరపేక్ష పట్టికకు మారింది. ఆ అంచనాల కోసం పరిమాణాన్ని ఇతర కొలత పద్ధతుల నుంచి అరువు తెచ్చుకున్నందున జీపీఎస్ స్వతంత్రంగా భూమి పరిమాణాన్ని చెప్పలేకపోయింది. గెలీలియో ఉపగ్రహాల యాంటెన్నా కాలిబ్రేషన్ విలువలు 2016, 2017లలో వెలువడిన తరువాతే ఆ లోటు తీరే మార్గం తెరుచుకుంది.

2022 నవంబరు 27 నుంచి ఐజీఎస్‌లో కొత్త పట్టిక అమలులో ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ కేంద్రంతో సహా, ఐజీఎస్ జాలంలోని ప్రతి స్టేషనుకూ యాంటెన్నా మోడల్, ఎత్తు ఒక లాగ్‌లో నమోదవుతాయి. 2006కు ముందు గణించిన ఎత్తులను నేటివాటితో పోల్చదలచినవారు పాత ఫలితాలను కాక, ముడి పరిశీలనలను తీసుకుని, ఒకే పట్టికతో మళ్లీ ప్రాసెస్ చేయవలసి ఉంటుంది.