నీలం పెట్టెలో పాత కథలు

డేవిడ్ టెనెంట్‌తోనో, మాట్ స్మిత్‌తోనో డాక్టర్ హూ మొదలుపెట్టి, కొత్త సీజన్లన్నీ అయిపోయాక ఒక రాత్రి అందరికీ ఒకటే బుద్ధి పుడుతుంది: పాతవి కూడా చూసేద్దాం, మొదటినుంచీ, వరసగా. 1963 నాటి మొదటి కథ పెడతారు. మొదటి ఎపిసోడ్ బావుంటుంది. రెండో ఎపిసోడ్లో తోళ్ళు కట్టుకున్న గుహమనుషులు నిప్పు ఎవరికి రాజేయడం వచ్చని వాదించుకోవడం మొదలుపెడతారు. మూడోదాంట్లోనూ అదే వాదన. లాప్‌టాప్ మూసేసి, "పాత డాక్టర్ హూ మనవల్ల కాదు" అని తేల్చేస్తారు.

తప్పు చూసినవాళ్ళది కాదు. 1963 నుంచి 1989 దాకా 26 సీజన్లు, ఏడుగురు డాక్టర్లు, దాదాపు 700 ఎపిసోడ్లు. అంత పెద్ద ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు ఎవరో ఒకరు ముందు ఏ వీధి, తర్వాత ఏ వీధి అని చెప్పాలి. ఆ పనికే ఈ వ్యాసం. ఆరు కథలు చెబుతాను. వాటితోపాటు ఆ కథలు ఎలా తయారయ్యాయో, కొన్ని ఎలా పోయాయో, పోయినవాటిలో కొన్ని ఎలా తిరిగొచ్చాయో కూడా చెప్పాలి. అది తెలియకుండా చూస్తే అట్ట గోడలే కనబడతాయి.

ముందుగా ఆ అట్ట గోడల సంగతి. అరవైల్లో బీబీసీ ఈ సీరియల్‌ని సినిమాలా తీయలేదు. లండన్‌లో లైమ్ గ్రోవ్ అనే ఇరుకు స్టూడియోలో, వారమంతా రిహార్సల్ చేసి, ఒక్క సాయంత్రంలో మూడు నాలుగు కెమెరాలతో దాదాపు ఏకబిగిన రికార్డు చేసేవారు. వీడియో టేపుని కోసి అతికించడం ఖర్చుతో కూడిన పని. అందుకే మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ డైలాగు తడబడితే ఆ తడబాటు అలాగే ఉండిపోయింది. కాబట్టి దీన్ని పాత సినిమా అనుకోకండి, నాటకం అనుకోండి. వీధి భాగవతంలో ఇద్దరు తెర పట్టుకుంటే దాని వెనకనుంచి రాజు వస్తాడు. కోట ఏదని ఎవరూ అడగరు. ఆ కళ్ళతో చూస్తే సగం ఇబ్బంది అక్కడే తీరిపోతుంది.

మిగతా సగం వేగం గురించి. ఇవి వారానికొకటి, 25 నిమిషాల చొప్పున వచ్చిన సీరియళ్ళు. వారపత్రికలో సీరియల్ చదివినవాళ్ళకి తెలుసు, ప్రతి భాగం చివరా ఒక మెలిక, దాని కింద 'సశేషం'. ఆరు భాగాలూ ఒక్క రాత్రిలో మింగితే అజీర్తి చేస్తుంది. రోజుకి ఒకటి, మహా అయితే రెండు.

ఇక మొదటి కథ, 'ఆన్ అనర్త్‌లీ చైల్డ్'. అవును, గుహమనుషులదే. కానీ మొదటి ఎపిసోడ్ ఒక్కటే చూసి ఆపేయండి. ఇద్దరు టీచర్లకి తమ క్లాసులో ఒక అమ్మాయి మీద అనుమానం వస్తుంది. సైన్సులో, చరిత్రలో ఆ పిల్లకి తెలియకూడనివి తెలుసు, మామూలు విషయాలు మాత్రం తెలియవు. ఇల్లెక్కడో చూద్దామని వెనకాలే వెళ్తే ఒక పాత సామాన్ల యార్డు, అందులో నీలం రంగు పోలీసు పెట్టె. అప్పట్లో లండన్ వీధుల్లో అలాంటివి మామూలే. తలుపు తోసి లోపలికి అడుగుపెట్టిన క్షణం ఇప్పటికీ పనిచేస్తుంది. మనకి లోపల ఏముందో ముందే తెలిసినా సరే.

ఇది 1963 నవంబర్ 23, శనివారం సాయంత్రం ప్రసారమైంది. ముందురోజే కెనెడీ హత్య జరిగింది. జనం మనసు ఈ కొత్త సీరియల్ మీద లేదు. అందుకని మరుసటి శనివారం రెండో ఎపిసోడ్‌కి ముందు మొదటిదాన్ని మళ్ళీ వేశారు.

దాని వెనక ఉన్నవాళ్ళని చూడండి. ఆలోచనకి మూలపురుషుల్లో ఒకడు, బీబీసీ డ్రామా విభాగం అధిపతి సిడ్నీ న్యూమన్, కెనడా నుంచి వచ్చినవాడు. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కి అప్పటికి 27 ఏళ్ళు. ఆ విభాగంలో నిర్మాత కుర్చీలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ. రాన్ గ్రైనర్ రాసిన శీర్షిక సంగీతాన్ని డీలియా డెర్బీషైర్ టేపు ముక్కలు కత్తిరించి, అతికించి, స్వరం స్వరం పేర్చి తయారుచేసింది. దర్శకుడు వారిస్ హుస్సేన్‌కి 24 ఏళ్ళు. లక్నోలో పుట్టి, చిన్నప్పుడే ఇంగ్లండ్ చేరినవాడు. వాళ్ళమ్మ అతియా హుస్సేన్, లక్నో తాలూక్‌దారీ కుటుంబం కథని 'సన్‌లైట్ ఆన్ ఎ బ్రోకెన్ కాలమ్' నవలగా రాసిన రచయిత్రి. పెద్ద తలకాయలు పెద్దగా పట్టించుకోని పిల్లల కార్యక్రమం కాబట్టే ఇలాంటివాళ్ళ చేతికి వచ్చిందేమో అనిపిస్తుంది నాకు.

హుస్సేన్ తర్వాత 1964లో 'మార్కో పోలో' కథలో ఏడింట ఆరు భాగాలు తీశాడు. ఆ రోజుల్లో వచ్చినవాటిలో బాగా ఖర్చుపెట్టి, శ్రద్ధగా తీసిన కథ అది. దాన్ని మీకు సిఫార్సు చెయ్యలేను. ఎందుకంటే అది లేదు. ఏడు భాగాల్లో ఒక్కటీ మిగల్లేదు.

బీబీసీ ఆ టేపులన్నీ చెరిపేసింది. పగబట్టి కాదు, పొదుపు కోసం. టేపు ఖరీదైనది, మళ్ళీ వాడుకోవచ్చు. నటుల సంఘంతో ఒప్పందాల వల్ల పాతవి తిరిగి ప్రసారం చేయడం కష్టం. పైగా రంగుల టీవీ వచ్చేసింది, నలుపూ తెలుపూ బొమ్మలు ఇక ఎవరికి? విదేశీ టీవీలకి అమ్మడానికి తీసిన ఫిల్మ్ కాపీలు కూడా హక్కుల గడువు తీరాక పారేశారు. డెబ్బైల చివరికి గానీ ఈ పని ఆగలేదు. అరవైల్లో తీసిన 253 ఎపిసోడ్లలో తొంభైకి పైగా పోయాయి. మన మూకీల్లో 1921 నాటి 'భీష్మ ప్రతిజ్ఞ' పేరు తప్ప ఏమీ మిగలని మనకి ఈ బాధ కొత్తేమీ కాదు.

కానీ ఇక్కడొక వింత ఉంది. బొమ్మ పోయినా ఒక్క ఎపిసోడ్ శబ్దం కూడా పోలేదు. ఇళ్ళల్లో పిల్లలు, కుర్రాళ్ళు టీవీ స్పీకర్ దగ్గర మైకు పెట్టి టేపు రికార్డర్లలో రికార్డు చేసుకున్నారు. వీడియో రికార్డర్లు లేని కాలం కదా, మళ్ళీ వినాలంటే అదొక్కటే దారి. సంస్థ పారేసినదాన్ని ప్రేక్షకులు దాచారు.

రెండో కథ ఆ పోయినవాటిలోంచి తిరిగొచ్చింది: 'ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్', 1967–68. హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతిన్నాక, 1966లో డాక్టర్ ముఖం మారిపోయి ఇంకో మనిషి అవుతాడనే ఉపాయం కనిపెట్టారు. ఈ సీరియల్ ఇన్నేళ్ళు బతకడానికి కారణం అదే. రెండో డాక్టర్ పాట్రిక్ ట్రౌటన్, నలిగిన కోటు వేసుకుని, వెర్రిబాగులవాడిలా కనబడుతూ ఎదుటివాణ్ణి బోల్తా కొట్టించే రకం. ఈ కథలో ఆయనది ద్విపాత్రాభినయం. డాక్టరూ ఆయనే, సలమాండర్ అనే నియంతా ఆయనే. ఒకరి వేషంలో ఇంకొకరు వెళ్ళడం, ఎవరు ఎవరో తెలియకపోవడం... ఎన్టీఆర్ సినిమాల మీద పెరిగిన ఇంట్లో ఇది ఎవరికీ వివరించక్కర్లేదు.

చాలా ఏళ్ళు ఈ కథలో మూడో భాగం ఒక్కటే మిగిలింది. అది చూసినవాళ్ళు కథ మొత్తం చప్పగా ఉంటుందని తేల్చేశారు. 2013లో నైజీరియాలోని జోస్ నగరంలో ఒక టీవీ కేంద్రంలో దుమ్ముపట్టిన ఫిల్మ్ డబ్బాల్లో పోయిన ఎపిసోడ్లు తొమ్మిది బయటపడ్డాయి. అందులో ఈ కథలో మిగతా అయిదు భాగాలూ ఉన్నాయి. చూస్తే, హెలికాప్టర్లు, హోవర్‌క్రాఫ్టులు, మధ్యలో కథని తలకిందులు చేసే మలుపు! దశాబ్దాలపాటు ఒక కథకి చెడ్డపేరు ఉండటానికి కారణం, అందులో బలహీనమైన భాగమే బతికి బట్టకట్టడం. సాహిత్య చరిత్రలో మనం 'ఫలానా రచయిత రెండో తరగతి' అని తీర్పు చెప్పేటప్పుడు ఆయనవి ఎన్ని మిగిలాయో, ఏవి మిగిలాయో కూడా చూసుకోవాలని నాకు ఈ కథ వల్లే తట్టింది.

మూడోది 'జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్', 1975. సిడ్నీ న్యూమన్ మొదట్లోనే తన సీరియల్లో గుడ్లప్పగించే రాక్షసులు వద్దన్నాడు. వెరిటీ లాంబర్ట్ వినలేదు. టెర్రీ నేషన్ రాసిన, రేమండ్ క్యూసిక్ రూపమిచ్చిన డాలెక్‌లు 1963 డిసెంబర్‌లో తెరమీదికి రాగానే పిల్లలు బడి ఆవరణల్లో డాలెక్‌లైపోయారు. వాటి వెనక ఉన్నది నాజీల జ్ఞాపకమే. పన్నెండేళ్ళ తర్వాత నేషన్ వాటి పుట్టుక రాశాడు. టామ్ బేకర్, నాలుగో డాక్టర్. డాలెక్ జాతి పుట్టకముందే దాన్ని తుడిచెయ్యమని ఆయన్ని పంపుతారు. చివరి భాగంలో రెండు వైర్లు చేతిలో పట్టుకుంటాడు. రెండూ కలిపితే చాలు, జాతి మొత్తం పోతుంది. ఆగిపోతాడు. కలిపేస్తే తనకీ వాళ్ళకీ తేడా ఏమిటని. ఆ నిమిషంలో స్టూడియో గోడలు ప్లైవుడ్డో, రాయో మీకు గుర్తుండదు.

ఇంత బరువు తర్వాత కాస్త నవ్వుకోవాలి. నాలుగోది 'సిటీ ఆఫ్ డెత్', 1979. పారిస్‌లో తీశారు, మోనాలిసా దొంగతనం కథ. స్క్రిప్టు మీద డేవిడ్ ఆగ్న్యూ అని ఉంటుంది. అలాంటి మనిషి లేడు. డేవిడ్ ఫిషర్ ఆలోచనని డగ్లస్ ఆడమ్స్, నిర్మాత గ్రాహం విలియమ్స్ కూర్చుని హడావిడిగా తిరగరాసి పెట్టిన దొంగపేరు అది. 'హిచ్‌హైకర్స్ గైడ్' చదివినవాళ్ళు మొదటి సీన్లోనే ఆడమ్స్ గొంతు పట్టేస్తారు. ఆ వారాల్లో పోటీ చానల్ ఐటీవీలో సమ్మె. దాంతో నాలుగో భాగాన్ని కోటీ అరవై లక్షలమందికి పైగా చూశారు. పాత డాక్టర్ హూకి అంతకుమించిన సంఖ్య రాలేదు. ఇంట్లోవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చూడగలిగింది ఈ ఆరింట్లో ఇదొక్కటే.

అయిదోది నాకు అన్నిటికన్నా ఇష్టం: 'కిండా', 1982. రచయిత క్రిస్టఫర్ బెయిలీ, డాక్టర్‌గా పీటర్ డేవిసన్. గ్రహం పేరు దేవలోక. దాన్ని వలసగా మార్చుకోవచ్చా అని చూడటానికి వచ్చిన దొరలు ఒక గోపురంలో కూర్చుని, బయట అడవిలో ఉన్న కిండా జనం మాట్లాడరు కాబట్టి అనాగరికులని తీర్మానిస్తారు. ఆ జనం మెడలో వేసుకున్న పూసల హారాలు డీఎన్ఏ మెలికల ఆకారంలో ఉంటాయి. పక్కన మసలే మనుషుల్ని ఆ దొరలు ఏపాటి చూశారో అక్కడే తెలిసిపోతుంది.

ఇక పేర్లు వినండి. దుక్ఖ, అనిచ్చ, అనత్త, పన్న, కరుణ, మార. లండన్ ప్రేక్షకుడికి అవి వింత శబ్దాలు. మనకి దుఃఖం, అనిత్యం, అనాత్మ, ప్రజ్ఞ. చూపులేని ఆ ముసలి జ్ఞాని పేరు పన్న ఎందుకో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. నాగార్జునకొండ శిల్పాల్లో బుద్ధుడి మీదికి దండెత్తే మారుణ్ణి చూసినవాళ్ళకి, ఇక్కడ మార నిద్రలో మనసులోకి దూరి చేతిమీద పాము గుర్తై పాకడం కొత్తగానూ ఉంటుంది, తెలిసినట్టూ ఉంటుంది. దాన్ని చుట్టూ అద్దాలు పెట్టి బంధిస్తారు. చెడు తన ముఖం తాను చూసుకోలేదు.

చివర్లో వచ్చే ఆ పెద్ద పాము మాత్రం రబ్బరుది. ఘోరంగా ఉంటుంది. మొదట్లో అభిమానులు ఈ కథని పక్కన పెట్టడానికి అదీ ఒక కారణం. తర్వాత డీవీడీలో కంప్యూటర్ పాముతో చూసే వీలు కూడా పెట్టారు. నేను రబ్బరు పామే చూడమంటాను. భాగవతంలో తెర పట్టుకున్న ఇద్దరు గుర్తున్నారు కదా.

పాతదాన్ని ఇష్టపడటమంటే అన్నిటికీ తలూపడం కాదు. 1977 నాటి 'ది టాలన్స్ ఆఫ్ వెంగ్-చియాంగ్' పేరు చాలా జాబితాల్లో పైన ఉంటుంది. రాబర్ట్ హోమ్స్ రాత గొప్పదే. కానీ అందులో ముఖ్యమైన చైనా పాత్రకి తెల్లనటుడు మేకప్ వేసుకున్నాడు, చైనావాళ్ళందర్నీ దుర్మార్గులుగానే చూపించారు. మొదటిసారి చూసేవాళ్ళకి నేను అది ఇవ్వను. హోమ్స్ కావాలంటే 1984 నాటి 'ది కేవ్స్ ఆఫ్ ఆండ్రోజాని' ఉంది.

ఆరోది, చివరిది 'రిమెంబ్రెన్స్ ఆఫ్ ది డాలెక్స్', 1988. రచయిత బెన్ ఆరనోవిచ్, ఏడో డాక్టర్ సిల్వెస్టర్ మెకాయ్. మరుసటి ఏడాది ఈ సీరియల్ ఆగిపోయింది, మళ్ళీ వారం వారం రావడానికి 2005 దాకా పట్టింది. ఈ కథలో డాక్టర్ మొదటి ఎపిసోడ్ జరిగిన చోటికే తిరిగొస్తాడు. అదే బడి, అదే 1963, అదే లండన్. ఈసారి అక్కడ రెండు డాలెక్ ముఠాలు, మాది శుద్ధ రక్తమంటే మాదని చంపుకుంటూ ఉంటాయి. ఒక రాత్రి ఒక టీకొట్టులో, నల్లజాతి మనిషి ఒకడు డాక్టర్‌తో చక్కెర గురించి, దానికోసం బానిసలైన తన పూర్వీకుల గురించి నెమ్మదిగా మాట్లాడతాడు.

ఇంకో సీన్లో డాక్టర్ వెంట ఉన్న ఏస్ అనే అమ్మాయి తాను దిగిన ఇంటి కిటికీలో ఒక చిన్న అట్ట చూస్తుంది. రంగు మనుషులకి ఇక్కడ చోటు లేదని. మాట్లాడకుండా బయటికి వెళ్ళిపోతుంది. 1963లో అలాంటి అట్టలు లండన్‌లో నిజంగా ఉండేవి. అద్దె ఇళ్ళ విషయంలో ఆ వివక్షని చట్టం నిషేధించింది 1968లో. అదే 1963లో, అదే నగరంలో, లక్నోలో పుట్టిన 24 ఏళ్ళ కుర్రాడు ఇరుకు స్టూడియోలో నిలబడి ఇద్దరు టీచర్లని నీలం పెట్టెలోకి నడిపిస్తున్నాడు. పాతికేళ్ళ తర్వాత ఆ సీరియలే వెనక్కి వెళ్ళి, అప్పుడు తాను చూపించని అట్టని చూపించింది.

అందుకే ఈ వరస మార్చకండి. మొదట ఆ 25 నిమిషాలు, మధ్యలో నాలుగు కథలు, చివర ఇది. ఇది పూర్తయ్యాక ఒకసారి మొదటి ఎపిసోడ్ మళ్ళీ పెట్టుకోండి. ఆ తర్వాత మీ ఇష్టం, గుహమనుషులు కూడా ఎక్కడికీ పోరు.