వికారాబాద్, తాండూరు ప్రాంతాల్లో క్షయ నివారణ

క్షయకు మందు లేని రోజుల్లో రోగికి మంచి గాలి, బలమైన తిండి, విశ్రాంతి ఇవ్వడమే వైద్యం. రోగిని ఊరికి దూరంగా ఉంచితే ఇంట్లోవాళ్లకు అంటదన్న ఆలోచనా అందులో ఉండేది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో తెరిచిన శానటోరియం ఈ పద్ధతిలో నడిచిందే. హైదరాబాద్ సంస్థానంలో నిజాం కాలంలో మూసీ పుట్టిన అనంతగిరి కొండల మీద టీబీ ఆస్పత్రి వెలిసింది. కొండ కింద వికారాబాద్‌కు, అవతల తాండూరుకు 1874లో మొదలైన సికింద్రాబాద్–వాడి రైలు మార్గం ఉండేది.

అయితే ఎన్ని శానటోరియాలు కట్టినా రోగులందరికీ మంచాలు చాలేవి కావు. ఈ చిక్కును విప్పింది, క్షయకు మందులు వచ్చాక 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన. 193 మంది రోగుల్లో కొందరిని శానటోరియంలో, మిగతావారిని ఇళ్లలోనే ఉంచి, అందరికీ ఏడాది పాటు ఒకే మందులు ఇచ్చారు. ఇరుకు ఇళ్లలో అరకొర తిండితో ఉన్నవారికీ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లోవాళ్లకు జబ్బు అదనంగా అంటనూ లేదు. 1959లో ఈ ఫలితాలు వెలువడ్డాక కొండమీది ఆస్పత్రుల అవసరం తగ్గిపోయింది. 1962లో జాతీయ క్షయ కార్యక్రమం వైద్యాన్ని జిల్లాలకు తెచ్చింది. రోగి చేత ఒకరు దగ్గరుండి మాత్రలు మింగించే డాట్స్ పద్ధతి 1997 నుంచి విస్తరించి 2006కల్లా దేశమంతా అమలైంది. ఇప్పుడు పొద్దున్నే చిన్న డబ్బాలో పట్టిన తెమడ పరీక్షకు వెళ్తుంది. జబ్బు తేలితే ఇంట్లోవాళ్లనూ పరీక్షించి, జబ్బు లేనివారికి ముందుజాగ్రత్త మాత్రలిస్తారు. 2021 సెప్టెంబరులో డ్రోన్లతో దూరపు ఆరోగ్య కేంద్రాలకు మందులు, టీకాలు పంపే ప్రయోగానికి వికారాబాద్‌నే ఎంచుకున్నారు. దూరం సంగతి సరే, నెలల తరబడి మాత్రలు మానకుండా చూసే పని మాత్రం ఆశా కార్యకర్తలదే.

తాండూరు అనగానే నాపరాయి బండలు గుర్తొస్తాయి. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను దెబ్బతీసి క్షయ ముప్పును పెంచుతుంది. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము బాగా తగ్గుతుంది. మందుబిళ్లల కంటే ముందు జరగాల్సిన నివారణ ఇది, కానీ ఆరోగ్య కార్యక్రమాల్లో దీనికి దక్కిన ప్రాధాన్యం తక్కువ.

తిండిదీ అదే కథ. జార్ఖండ్‌లో రోగుల కుటుంబాలకు బియ్యం, పప్పు ఇచ్చి చేసిన పరిశోధనలో ఇంట్లోవారికి క్షయ రావడం 39 శాతం తగ్గిందని 2023లో తేలింది. రోగుల పోషణకు 2018 నుంచి కేంద్రం నెలకు ఇస్తున్న 500 రూపాయలు 2024 నవంబరులో 1,000 అయ్యాయి.